తువ్వాలు ముందు బయల్దేరింది

సైకిలు మీద సాలూరు కొండెక్కి కోరాపుట్ వెళ్ళొస్తానని మా బావ అన్న రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. బావంటే ఇంకెవరో కాదు, కట్టుకున్న మొగుడే. మా మేనత్త తవిటమ్మ కొడుకు చినబాబు. ముప్పయ్యేళ్ళు దాటినా ఇంట్లోనూ ఆఫీసులోనూ చినబాబే. బొబ్బిలి సమితి ఆఫీసులో గుమాస్తా. రోజూ సైకిలు మీదే ఆఫీసుకి వెళతాడు గానీ, దారిలో రైలుగేటు దగ్గర రోడ్డు కాస్త ఎత్తయితే దిగిపోయి నడిపించుకుంటాడు. అదేమంటే సైకిలుకి ఆయాసం అంటాడు. ఆ మనిషి కొండెక్కుతాడట!

అయితే నా మంట అందుకు కాదు. కొండెక్కాలని ఉన్నది నాకు. మా డాబా మీద వడియాలు ఎండబెట్టడానికి ఎక్కినప్పుడల్లా పడమటి దిక్కున ఆ కొండలు కనిపిస్తాయి. పొద్దున్న నీలంగా ఉంటాయి, మధ్యాహ్నం ఎండకి అసలు కనబడవు, వాన పడ్డ మర్నాడు మాత్రం చెయ్యి చాపితే అందేటట్టు దగ్గరికి వచ్చేస్తాయి. కోటబొమ్మాళి నుంచి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. వాటి మీద నిలబడి ఇటు చూస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలి. నగలడగలేదు, పట్టుచీరలడగలేదు. ఒకసారి నోరు తెరిచి అడిగితే, "కొండ మీదేటుంటాదే? కొండే ఉంటాది" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆ మాటన్న మనిషే ఇప్పుడు నన్నొదిలేసి ఎక్కుతానంటే మండదా మరి?

ఇదంతా మా పక్కింటి అరుగు మీద పుట్టింది. పక్కింట్లో సత్యరాజు మేష్టారు, ఆయన భార్య ఎలీసమ్మప్ప ఉంటారు. ఆయన మిషను బడిలో డ్రిల్లు మేష్టారు, ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఆవిడ అన్నగారి కాపురం కోరాపుట్‌లో. ఆదివారం సాయంత్రం అక్కడి చర్చిలో వాళ్ళేదో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. మేష్టారికి బస్సు పడదు. సాలూరు దాటి ఘాటీ మలుపులు మొదలయ్యేసరికి కడుపులో ఉన్నదంతా కిటికీలోంచి అప్పజెప్పేస్తాడు. అందుకని మొగుడూ పెళ్ళాం సైకిళ్ళ మీద వెళదామనుకున్నారు. శుక్రవారం బయల్దేరి ఆ రాత్రికి సాలూరు, మర్నాడు ఘాటీ ఎక్కి పొట్టంగిలో మకాం, ఆదివారం కోరాపుట్. కూడిక అయ్యాక తీరిగ్గా దిగి రావడం.

మా బావ అక్కడే కూర్చుని ఎలీసమ్మప్ప పెట్టిన పకోడీలు తింటున్నాడు. తిన్నవాడు తిని లేచి రావచ్చు కదా! "నానూ వస్తాను మేష్టారూ! కొండలంటే నాకు సిన్నప్పట్నించీ పేణం" అనేశాడు. అక్కడితో ఆగాడా అంటే అదీ లేదు. మర్నాడు ఆఫీసులో పెద్ద గుమాస్తా దగ్గర్నుంచి కుండలో నీళ్ళు పోసే అమ్మడు దాకా అందరికీ చాటేశాడు. సెలవు కాయితం కూడా పడేశాడు. ఇహ వెనక్కి రావడానికి దారి లేదు.

"నన్నూ తీసుకెల్లు బావా" అన్నాను.

"నీకు సైకిలొచ్చేటి?"

"నేర్సుకుంటాను."

వంటింట్లోంచి మా అత్త అందుకుంది. "ఓలమ్మో! నేర్సుకుంటాదట! పడి కాలిరగ్గొట్టుకుంటే నీకు నానొండి పెట్టాలేటి? అప్పుడు కొండ కాదే, ఇంటి గుమ్మం కూడా ఎక్కలేవు."

మా అత్త సంగతి కాస్త చెప్పాలి. మనిషి మంచిదే, పెట్టే చెయ్యి. కానీ శకునం చూడకుండా బావిలోంచి చేద కూడా తోడదు. పిల్లి ఎదురొస్తే సంత మానేస్తుంది. ఎవరు తుమ్మినా సరే, కూర్చుని మంచినీళ్ళు తాగి లేస్తేగానీ కదలనివ్వదు. ఒకసారి బావ గుమ్మంలో వరసగా తుమ్మి ఆఫీసుకి బాగా ఆలస్యమైపోతే, ఎందుకాలస్యమయిందో రాసిమ్మన్నారట. "మా అమ్మ కూర్చోమంది" అని రాసిచ్చాడు. ఆ ముక్క ఇప్పటికీ ఆఫీసులో చెప్పుకుంటారు.

ప్రయాణానికి ముందు ఒళ్ళు అలవాటు పడాలని సత్యరాజు మేష్టారు బావ చేత డ్రిల్లు మొదలెట్టించాడు. తెల్లారగట్ల లేచి, వెనక క్యారేజీ మీద ఇసక మూట కట్టుకుని, రామభద్రపురం రోడ్డు మీద తొక్కాలి. బావ మొదటి రోజు బుద్ధిగా వెళ్ళాడు. మర్నాడు ఇసక సగం పెరట్లో ఒంపేసి వెళ్ళాడు. ఆ తరవాత మోకాలు పట్టేసిందని ఆముదం రాయించుకుని, కట్టు కట్టించుకుని పడుకున్నాడు. రాసిందెవరు? నేనే. "గట్టిగా రాయే, కొండెక్కాల్సిన మోకాలు" అని పైనుంచి ఆర్డరొకటి. ఆ మోకాలు అక్కడికక్కడే విరిచేద్దామనిపించింది.

నా మొహం చూసి ఎలీసమ్మప్పకి జాలేసిందో, నవ్వొచ్చిందో తెలీదు. "ఆడు కాలు పట్టుకుని తొంగుంటే నువ్వేల కూకున్నావే? నా సైకిలున్నాది, రా" అని బడి మైదానానికి లాక్కుపోయింది. ఆవిడది మధ్య కడ్డీ లేని ఆడవాళ్ళ సైకిలు. నా ఎర్రంచు తువ్వాలు నడుముకి బిగించి కట్టుకుని ఎక్కాను. పడ్డాను. మళ్ళీ ఎక్కాను, గోడని గుద్దాను. మోచేతులు చెక్కుకుపోయాయి. మా అత్త దీపం పెట్టే వేళ ఆ దెబ్బలు చూసి పసుపు అద్దుతూనే తిట్టింది, తిడుతూనే అద్దింది. ఒక పొద్దున్న ఎలీసమ్మప్ప చెయ్యెప్పుడు వదిలేసిందో తెలియకుండానే మైదానం చుట్టంతా తిరిగొచ్చేశాను. అమ్మో, ఆ సంతోషం! పెళ్ళినాడు కూడా అంత సంతోషించలేదు, నిజం చెప్పొద్దూ.

దిగడం మాత్రం రాలేదు. సైకిలు బడి అరుగు పక్కకి తెచ్చి కాలు ఆనించుకుంటేనే దిగేదాన్ని. "ఘాటీ రోడ్డు పొడుగునా అరుగులు కట్టించాలి నీకు" అని ఎలీసమ్మప్ప నవ్వేది. "నన్నెవలు తీసుకెల్తారప్పా ఘాటీకి!" అనేదాన్ని. అంటూనే మర్నాడు మళ్ళీ వెళ్ళేదాన్ని.

ప్రయాణం దగ్గర పడేకొద్దీ మా ఇల్లు సంతలా తయారయింది. మేష్టారు తీసుకెళ్ళమన్నది పంపు, ట్యూబు అతికే సొల్యూషను, ఉన్ని బట్ట, గట్టి తాడు. మా అత్త కట్టినది చోడిపిండి మూట, అటుకులు, బెల్లం అచ్చు, ఎండుచేపలు, పెద్ద ఆవకాయ జాడీ, కంబళి, రాగిచెంబు, వానొస్తే కప్పుకోవడానికి తాటాకు గిడుగు. సైకిలుకి ఇవన్నీ కట్టి స్టాండు వేసేసరికి స్టాండు వంగి సైకిలు వెనక్కి కూలబడింది. జాడీ మాత్రం పగల్లేదు, మా అత్త ఒళ్ళో పడింది.

మెళ్ళో డ్రిల్లు ఈలతో మేష్టారు వచ్చి చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "పెద్దమ్మా, ఇది పయానమా, కొత్త కాపరమా? రోలు మర్సిపోనావు, అది కూడా కట్టేయి."

"నువ్వూరుకో బాబూ! కొండ మీద నా కొడుక్కి అన్నం ఎవలొండుతారు? నీ ఈల ఒండుతాదేటి?"

ఈలోగా బావకి కొత్త దిగులు పట్టుకుంది. అదివరకు మైలురాళ్ళుండే రోడ్డు మీద ఇప్పుడు కిలోమీటరు రాళ్ళు పాతారు కదా, సాలూరు దూరం ఆ రాయి మీద చూసి గాభరాగా ఇంటికొచ్చాడు. "దూరం పెరిగిపోనాదే!" అన్నాడు. గుమాస్తా పని చేసే మనిషి! మా అత్త అయితే గవర్నమెంటు వాళ్ళు రోడ్డు సాగదీశారనే నమ్మింది. ఇప్పటికీ ఆవిడ నమ్మకం అదే.

దానికి తోడు ఒక సాయంత్రం ఆ తాడెందుకని మేష్టారిని అడిగాడు.

"ఎక్కడానికి కాదు, దిగడానికి. ఘాటీ దిగినప్పుడు వట్టి బ్రేకులాగవు. చెట్టు కొమ్మ కొట్టి సైకిలు వెనకాల కట్టుకోవాలి. అది నేల మీద ఈడ్చుకుంటూ వస్తే సైకిలు అదుపులో ఉంటాది."

"కట్టకపోతే?"

"కట్టకపోతే మనకంటే ముందు సైకిలొచ్చేస్తాది సాలూరు" అన్నాడు మేష్టారు సరదాగా. బావకి సరదా కలగలేదు. ఆ రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకోవడం కూడా మర్చిపోయాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. శుక్రవారం పడమటికి వారశూల, అటు బయల్దేరకూడదు. కోరాపుట్ పడమర. బావ సెలవేమో శుక్రవారం నుంచే. మా అత్త ఊరుకుంటుందా? జగన్నాధం పంతులుగారి చేత పంచాంగం తిప్పించి, సోమవారం పొద్దున్న మంచి ఘడియ పట్టుకొచ్చింది. ఆ ఘడియలో మనిషి వెళ్ళలేడు కాబట్టి ప్రస్థానం పెట్టాలి. అంటే, వెళ్ళేవాడి వస్తువొకటి ఆ వేళకి గడప దాటించి వేరేవాళ్ళింట్లో ఉంచాలి. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. తరవాత శూల రోజున వెళ్ళినా దోషం అంటదు, పోతూ పోతూ ఆ వస్తువు అందుకుని పోవడమే. అయితే అలా పెట్టినది, ప్రయాణం చెయ్యకుండా తిరిగి ఇంట్లోకి రాకూడదు. వస్తే ఇంటిల్లిపాదికీ కీడు. ఒంటి మీద తిరిగిన గుడ్డ పెడితే మరీ శ్రేష్ఠం అని పంతులుగారు చెప్పారట.

సోమవారం ఆ ఘడియకి బావ ఆఫీసులో ఉన్నాడు, నేను నీళ్ళకి వెళ్ళాను. బావ బట్టలన్నీ ప్రయాణానికి శుభ్రంగా ఉండాలని మా అత్తే ముందురోజు చాకలి గంగులికి వేసేసింది. గుడ్డేదీ అని ఇల్లంతా వెతికితే దండెం మీద ఎర్రంచు తువ్వాలు కనిపించింది. హమ్మయ్య అనుకుని, అందులో పసుపు బియ్యం, తాంబూలం పెట్టి మూట కట్టి, ఎలీసమ్మప్ప ఇంటికి పట్టుకెళ్ళింది. ఆ రోజు రాత్రి డ్యూటీ కాబట్టి ఆవిడ ఇంట్లోనే ఉంది.

"మేం ఇయ్యన్నీ నమ్మం కదా పెద్దమ్మా" అందట ఎలీసమ్మప్ప.

"నువ్వు నమ్మక్కర్లేదే. మీ మేకు నమ్మితే సాలు" అని మా అత్త వాళ్ళ చర్చి క్యాలెండరు పక్కనున్న మేకుకి మూట తగిలించి వచ్చేసింది.

నాలుగు రోజులూ ఏ గొడవా లేదు. గురువారం సాయంత్రం బావ ఆఫీసు నుంచి వచ్చి, మొహం కడుక్కుని, ఎర్రంచు తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. మా అత్త చేతిలో చేట అలాగే ఉండిపోయింది.

"అదేటిరా?"

"తువ్వాలే."

"అది సత్తిరాజు ఇంట్లో ఉండాల!"

"ఆలింట్లో ఏల ఉంటాది? నా కుర్సీకే ఏసుంటాది. రేపట్నించి సెలవు కదా అని పట్టుకొచ్చినాను. సూడు, ఇంకు మరక."

పోయిన కార్తీకంలో శ్రీముఖలింగం వెళ్ళినప్పుడు ఒకే తానులో రెండు తువ్వాళ్ళు కోయించాం. ఒకటి బావది, రెండోది నాది. ఇద్దరూ ఒక్కసారి నా వైపు చూశారు.

"నాది సోమవారం నించీ అగుపించడం నేదు" అన్నాను. "గంగులు పారేసినాడనుకుని వీధిలో నిలబెట్టి కడిగేసినాను కూడా."

మా అత్త చేట పడేసి కూలబడింది. "ఓలమ్మ నా తల్లో! అయితే బయల్దేరింది ఈడు కాదు, నువ్వా?"

బావ మొహం చూడాలి అప్పుడు. "అయ్యో అమ్మా! ఎంత పని సేసినావే! అయితే నాను ఎల్లడానికి నేదేటి?" అన్నాడు. గొంతు ఏడుపు గొంతే. చేతులు మాత్రం అప్పుడే మోకాలి కట్టు విప్పేస్తున్నాయి.

ముగ్గురం పంతులుగారింటికి పరిగెత్తాం. ఆయన సంధ్యవార్చుకోవడానికి లేవబోతూ, నిలబడే అంతా విన్నారు.

"ఎవరి గుడ్డ గడప దాటితే వాళ్ళదే ప్రయాణం తవిటమ్మా. అబ్బాయికి మళ్ళీ పెడదామంటే రేపట్నుంచి మూఢం. అది వెళ్ళాక చూద్దాం."

"మరి ఆ తువ్వాలు?"

"అమ్మాయి వెళ్ళాలి. వెళ్ళకుండా వెనక్కి తెచ్చావంటే నేను పూచీ కాదు."

 ఇంతలో మా అత్తకో ఉపాయం తట్టింది. "పోనీ పంతులుగారూ, దీన్ని కోటబొమ్మాలి మా తమ్ముడింటికి పంపేస్తాను. తువ్వాలు పట్టుకుని బస్సెక్కి, ఓ పూటుండి వచ్చేస్తాది. పయానం అయిపోనట్టే కదా?"

ప్రాణం ఉసూరుమంది. పుట్టింటికి వెళ్ళమంటే ఏడుపొచ్చిన ఆడది నేనొక్కదాన్నే అయుంటాను.

పంతులుగారు విసుక్కున్నారు. "కోటబొమ్మాళి ఎటే?"

"తూరుపు."

"నువ్వు పెట్టించిందెటు?"

"పడమటికి."

"మరింకేం మాట్లాడతావు?"

 నేను గభాలున వంగి పంతులుగారి కాళ్ళకి దణ్ణం పెట్టేశాను. ఎందుకో ఆయనకి తెలీదు. అలవాటు ప్రకారం దీవించి లోపలికి పోయారు.

ఇంటికొచ్చాక కూడా ఆవిడ తగ్గలేదు. "సాలూరు పడమరే కదా. సాలూరు దాకా బస్సులో ఎల్లి వచ్చేయి. ఆడదానివి, కొండలంట సైకిలేటే?"

"ఎలీసమ్మప్ప ఆడది కాదేటి?"

"అది నర్సు!"

అంతే, ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున పెట్టుకున్నదంతా బయటికొచ్చేసింది. "అత్తా, పరస్తానం నువ్వు కోరాపుట్‌కి పెట్టినావు, సాలూరికి కాదు. నాను పెట్టమన్నానేటి? నువ్వే పెట్టినావు, నీ సేత్తో పెట్టినావు! నాకు ఎల్లాలనుందే! ఎవలికీ తెలీకుండా పారిపోతానన్నానా? అడిగినాను. మొగుణ్ణడిగితే కొండ మీద కొండుంటాదన్నాడు. నిన్నడిగితే కాలిరుగుతాదన్నావు. డాబా ఎక్కినప్పుడల్లా ఆ కొండలకేసి సూసి సూసి నా కల్లు కాయలు కాసిపోనాయి. ఇప్పుడు కూడా ఎల్లకపోతే ఈ జన్మకి నాకు ఆ కొండ నేదు!" అని బావురుమన్నాను. ఏడవకూడదనే అనుకున్నాను గానీ ఆగలేదు.

 స్తంభానికి ఆనుకున్న బావ మెల్లిగా అన్నాడు. "అమ్మా, దాన్ని ఎల్లనియ్యే. అది తొక్కగల్దు. నాకే బయ్యం. ఆ సెట్టు కొమ్మ మాట ఇన్న కాడ్నించీ నాకు నిద్దర నేదు."

"ఛీ, మగోడివై బయ్యమని సెప్పుకుంటన్నావేట్రా!"

"ఉన్నాది మరి. ఏటి సెయ్యను?"

ఆ ఒక్క మాటకి నా మంటంతా చల్లారిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన కోతలు కోయకుండా నిజం చెప్పడం అదే మొదలు. మా అత్త మాత్రం ఇద్దరితోనూ మాట్లాడకుండా లోపలికి పోయి, ఆవకాయ జాడీ మూతికి వాసెన గుడ్డ కడుతూ కూర్చుంది. అవునందో కాదందో తెలియలేదు.

శుక్రవారం తెల్లవారింది. ఎలీసమ్మప్ప దంపతులు సైకిళ్ళతో వీధిలో సిద్ధంగా ఉన్నారు. బావ ఆఫీసు వాళ్ళు నలుగురు బంతిపూల దండ కూడా పట్టుకుని దిగారు. పెద్ద గుమాస్తా అప్పలసూరి గారు గొంతు సవరించుకుని, "మన ఆఫీసు పరువు..." అని మొదలెట్టారు.

"ఆగండి, ఎల్తన్నది నాను కాదు, మా ఆవిడ" అన్నాడు బావ.

దండ పట్టుకున్న ఆయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పరాయి ఆడదాని మెడలో ఆయన దండ వెయ్యలేడు కదా! బావే అందుకుని దాన్ని సైకిలు హాండిలుకి చుట్టేశాడు. "ఎవలెల్తే ఏటండి, సైకిలు మన ఆఫీసుదే" అన్నాడు. చచ్చినా కోతలు మానడు.

నాకు అప్పుడు వెలిగింది అసలు చిక్కు. అది మగవాళ్ళ సైకిలు, మధ్యలో అడ్డకడ్డీ. నేను నేర్చుకున్నది ఎలీసమ్మప్ప సైకిలు మీద. కుచ్చిళ్ళ చీరతో ఆ కడ్డీ మీంచి కాలు వేసేదెలా? ఒకసారి ఎత్తి చూశాను, చీర పట్టేసింది. వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంత చేసి గుమ్మంలోనే ఆగిపోతానా అనిపించింది.

"ఇలగ్రా" అని వినిపించింది. మా అత్త. నన్ను జబ్బ పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయి తలుపు మూసింది. అయిపోయింది అనుకున్నాను. ఆవిడ నా కుచ్చిళ్ళు ఒక్క గుంజు గుంజి విప్పేసింది. కాళ్ళ మధ్య నుంచి చెంగు వెనక్కి లాగి, ఉడుపులప్పుడు మా పొలంలో ఆడవాళ్ళు కట్టుకునేటట్టు గోచీ పోసి బిగించింది. ఊపిరాడనంత గట్టిగా బిగించింది.

"అత్తా, నొప్పే!"

"నోరు ముయ్యి. కొండ మీద ఊడితే నా పరువు పోద్ది." అని నడుం చుట్టూ మరోసారి బిగించి, తలుపు తీసి, ఒక్క తోపు తోసింది. వీధిలో నవ్విన వాళ్ళకేసి ఆవిడ చూసిన చూపుకి ఇంకెవరూ నవ్వలేదు.

మా అరుగు పక్కన సైకిలు నిలబెట్టుకుని ఎక్కాను. కాలు కడ్డీ దాటేసింది! ఎలీసమ్మప్ప మేకు మీంచి తువ్వాలు తెచ్చి ముడి విప్పి నా మెడలో వేసింది. "దిగడం సంగతి దారిలో సూద్దారి, ముందు తొక్కు" అంది. పసుపు బియ్యం జాకెట్టులోకి జారి గుచ్చుకుంటున్నాయి. జాడీ మేష్టారి క్యారేజీ మీదకి ఎప్పుడు చేరిందో చేరింది, ఆయన ఈల ఊదాడు. బావ నా సీటు పట్టుకుని కొంత దూరం పరిగెత్తి, "జాగర్తే, దిగినప్పుడు కొమ్మ గట్టిగా కట్టమను" అని వదిలేశాడు. 

వీధి చివరి మలుపు దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి కేక వినిపించింది.

"ఒలే! నీలేణీ!"

ప్రయాణమై పోయేవాళ్ళని వెనక నుంచి పిలవకూడదని మా వైపు పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. మా ఇంట్లోనైతే అంతకంటే పెద్ద తప్పు లేదు. బావ అన్నం గిన్నె మర్చిపోయి వెళ్ళిపోతే, పిలవకుండా సందుల్లోంచి చుట్టు తిరిగి ఎదురెళ్ళి అందించే మనిషి మా అత్త. ఆ కేక మా అత్తదే. మేష్టారు కూడా ఉలిక్కిపడి హాండిలు వంకర తిప్పాడు. చెప్పుల్లేని అడుగులు నా వెనకాల పరిగెత్తుకొస్తున్నాయి.

"ఒలే, బాగా సూడే! బేగి సూసేసి వచ్చేయకు! మీదకెక్కినాక ఇటేపు ఎలాగుంటాదో, మన డాబా అగుపిస్తాదో నేదో, ఆ యెనకాల ఇంకా ఏటుంటాదో, అంతా సూసొచ్చి నాకు సెప్పాల! అన్నీ సెప్పాల!"

నాకంటే ఎన్నో ఏళ్ళ ముందు నుంచి ఆ డాబా మీద వడియాలు పెడుతున్నది ఆవిడే. ఆవిడ తలెత్తి ఎటు చూస్తుందో ఒక్కనాడైనా నేను అడగలేదు.  వెనక్కి తిరిగి చూస్తే పడిపోతాను, దిగడమా చేతకాదు. అందుకని బెల్లు కొట్టాను. మలుపు తిరిగినా, ఆవిడకి వినిపిస్తుందో లేదో తెలియకపోయినా, కొడుతూనే ఉన్నాను.